మూడు సంతకాల చోటు



కావలి సోదరుల స్మారకోపన్యాసం అనగానే శాసనాల గురించో, కైఫియత్తులనే ఊరి చరిత్రల గురించో వింటామని మీలో చాలామంది అనుకుని వచ్చి ఉంటారు. నేను మాట్లాడబోయేది సరిహద్దుల గురించి. అందులోనూ ఒకే ఒక్క చోటు గురించి. భారత్, భూటాన్, చైనా మూడూ కలిసే చోటు అది. ఫలానా శిఖరమని చైనా అంటుంది. కాదు, దానికి ఆరేడు కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న కనుమ అని మనమూ భూటానూ అంటాం. ఈ తగాదాకు మూలమైన కాగితం మీద సంతకాలు పడింది ఈ కలకత్తాలోనే, 1890 మార్చి 17న.

దానికీ కావలి సోదరులకూ ఏమిటి సంబంధం? చెబుతాను. ఏలూరి నుంచి వచ్చిన కుటుంబం వారిది. బొర్రయ్య గారు 1796లో కాలిన్ మెకంజీ దగ్గర పనిలో చేరారు. 1803లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య గారు అందుకున్నారు. 1815లో మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు, 1817లో కలకత్తా చేరారు. లక్ష్మయ్య గారూ ఆయన వెంట ఇక్కడికి వచ్చారు. 1821లో మరణించిన మెకంజీ సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి వుడ్ స్ట్రీట్ కార్యాలయం అక్కడికి దగ్గరే.

మెకంజీ సర్వేయరు. కొలవడం ఆయన పని. అయితే కొలిచిన నేల గురించి అక్కడివాళ్లు ఏమంటున్నారో తెలియాలంటే ఆయనకు కావలి సోదరులు, వారు కుదిర్చిన మనుషులు కావలసి వచ్చారు. వాళ్లు ఊరూరూ తిరిగారు. కరణాన్ని అడిగారు, పూజారిని అడిగారు, ఊళ్లో పెద్ద వయసువాళ్లను కూర్చోబెట్టి అడిగారు. గుడి మాన్యాలు, చెరువులు, పొలిమేరలు, పాత తగాదాలు అన్నీ కైఫియత్తుల్లోకి ఎక్కాయి. ఒకవైపు గొలుసు పట్టుకుని కొలత, మరోవైపు మనుషుల నోటి మాట. రెండూ ఒకే సర్వేలో సాగాయి. మెకంజీ పోయిన 69 ఏళ్లకు ఇదే ఊళ్లో ఒక సరిహద్దు రాసినప్పుడు ఆ రెండో పనిని ఎవరూ చేయలేదు. 1890 నాటి లోపం అదేనని, 2017లో ఆ చోట భారత్, చైనా సైన్యాలు ఎదురెదురుగా నిలబడటం దాని పర్యవసానమేనని నా వాదన.

సంతకాలు ఎవరివి?

నేపథ్యం రెండు ముక్కల్లో చెబుతాను. 1886లో టిబెట్ సైనికులు సిక్కింలోకి వచ్చి లింగ్టు దగ్గర కోట కట్టుకుని కూర్చున్నారు. డార్జిలింగ్ నుంచి జెలెప్ లా కనుమ మీదుగా టిబెట్‌కు వెళ్లే వర్తక బాట అది. 1888లో బ్రిటిష్ సైన్యం వారిని వెళ్లగొట్టింది. ఆ తర్వాత చర్చలు మొదలయ్యాయి. బ్రిటిష్ పక్షాన వైస్రాయ్ లాన్స్‌డౌన్, చైనా పక్షాన లాసాలో ఉండే అంబాన్, అంటే చైనా చక్రవర్తి ప్రతినిధి, షెంగ్ తాయ్. ఒప్పందంలో ఉన్నవి ఎనిమిది అధికరణాలు. ఆ ఏడాదే ఆగస్టు 27న లండన్‌లో దాని ధ్రువీకరణ పూర్తయింది.

ఆ కాగితం తేల్చిన కూడలిలో నిజంగా కలిసే నేలలు మూడు: సిక్కిం, టిబెట్, భూటాన్. సంతకం చేసినవారిలో సిక్కిం రాజు లేడు. టిబెట్ ప్రభుత్వం లేదు. భూటాన్‌ను ఎవరూ పిలవనే లేదు. మూడు నేలలు కలిసే చోటును ఆ మూడింటిలో ఒక్కదాని సంతకమూ లేకుండా తేల్చారు.

తెలుగు పల్లెల్లో భూమి సర్వే ఎరిగినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయిని సర్వేయర్లు ట్రైజంక్షన్ రాయి అంటారు. ఆ రాయి కనబడకపోతే ఒక ఊరి నక్షా చూసి కొత్త రాయి పాతితే సరిపోదు. మూడు ఊళ్ల నక్షాలూ ముందు పెట్టుకుని, మూడు వైపుల నుంచీ కొలుచుకుంటూ వచ్చి, లెక్క కుదిరిందని చూసుకోవాలి. ఏ ఒక్క ఊరివాళ్లను తప్పించి పాతినా ఆ రాయి ఎక్కువ కాలం నిలవదు.

రెండు వాక్యాలు

ఒప్పందంలో మొదటి అధికరణం చూద్దాం. అందులో ఉన్నవి రెండు వాక్యాలే. మొదటిది సూత్రం చెబుతుంది: తీస్తాలోకి, దాని ఉపనదుల్లోకి పారే నీళ్లను టిబెట్ మోచులోకి, ఉత్తరాన ఇతర టిబెట్ నదుల్లోకి పారే నీళ్ల నుంచి వేరుచేసే పర్వత శ్రేణి శిఖర రేఖే సరిహద్దు. రెండోది ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతుంది: భూటాన్ సరిహద్దు మీది గిప్‌మోచి పర్వతం దగ్గర మొదలై, ఆ జలవిభాజకాన్నే పట్టుకుని, నేపాల్ నేల తగిలే చోటు దాకా పోతుంది.

చదవడానికి రెండు వాక్యాలూ పొందికగానే ఉన్నాయి. నేల మీదికి వెళ్తేనే వాటికి పొసగదు.

సిక్కింకూ టిబెట్‌లోని చుంబీ లోయకూ మధ్య ఉన్న గట్టు మీదుగా నాథు లా, జెలెప్ లా దాటి దక్షిణానికి వస్తే బటాంగ్ లా అనే కనుమ వస్తుంది. అక్కడ గట్టు రెండుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుగా మెరుగ్ లా, సించే లా వైపు సాగుతుంది. మరో పాయ డోకా లా మీదుగా దక్షిణాన గ్యేమోచెన్ శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరమే ఒప్పందంలోని గిప్‌మోచి అని చైనా చెబుతుంది. ఈ రెండు పాయల మధ్య ఉన్నదే డోక్లాం, దాదాపు 89 చదరపు కిలోమీటర్ల పచ్చిక నేల. అసలు శిఖర రేఖ తూర్పు పాయ మీదుగా పోతుందని, కాబట్టి కూడలి బటాంగ్ లా అని భారత్, భూటాన్ వాదన. ఒప్పందంలో గిప్‌మోచి పేరు ఉండగా వేరే చర్చ దేనికన్నది చైనా వాదన. మొదటి వాక్యాన్ని ఒక పక్షం పట్టుకుంది, రెండో వాక్యాన్ని మరో పక్షం పట్టుకుంది.

ఇంకాస్త లోతుకు వెళ్తే మొదటి వాక్యం కూడా అంత నికరమైనది కాదని తేలుతుంది. ఉత్తర బెంగాల్ నదులు మీకు నాకంటే బాగా తెలుసు. జెలెప్ లా కింద, సిక్కిం వైపు, కుపుప్ దగ్గరి సరస్సు నుంచి బయలుదేరే నీళ్లు తీస్తాలో కలవవు. అది జలఢాకా. తన దారిన తాను కిందికి దిగి, బంగ్లాదేశ్ చేరి, బ్రహ్మపుత్రలో కలుస్తుంది. ఇక అవతలి పక్క డోక్లాం వాగు భూటాన్‌లోకి దిగి ఆమో చులో పడుతుంది. ఒప్పందం మోచు అన్నది ఈ ఆమో చునే. టిబెట్‌లో పుట్టి, భూటాన్ దాటి, మన కూచ్ బిహార్ పక్కన తోర్సాగా పారే నది. మరి భూటాన్‌లో ఆ నదిని కలిసే వాగును టిబెట్ మోచు నీళ్ల కింద జమ కట్టాలా, వద్దా? తీస్తాకు చెందని జలఢాకా నీళ్లను ఏ ఖాతాలో వేయాలి? 1890 నాటి వాక్యంలో వీటికి జవాబు లేదు. ఉత్తరాన తీస్తా పుట్టే మంచు కొండల దగ్గర అది చక్కగా పనిచేస్తుంది. దక్షిణపు కొసకు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

గిప్‌మోచి స్థానం గురించీ పేచీ ఉంది. పాత పటాల్లో ఆ పేరు రాసిన చోటు, నేడు గ్యేమోచెన్ అంటున్న శిఖరం ఒకటి కావని పటాలు పరిశీలించినవారు చూపించారు. కొన్ని పాత పటాలు కూడలిని బటాంగ్ లా దగ్గరే గుర్తించాయి. మొత్తం మీద ఆ కొండల మీద నిలబడి, పేరు అడిగి, గుర్తు పెట్టుకుని వచ్చాక రాసిన ఒప్పందం కాదిది.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఒకటుంది. ఈ సరిహద్దుకు రెండు కొసలు. పడమటి కొసకు ఒప్పందం ఏ శిఖరం పేరూ పెట్టలేదు. నేపాల్ నేల తగిలే చోటు అని ఊరుకుంది. ఆ కొస 7,462 మీటర్ల జోంగ్‌సాంగ్ శిఖరం దగ్గర పడింది, దాని మీద సైన్యాలు ఎదురుబొదురు నిలబడిన సందర్భం రాలేదు. తూర్పు కొసకు పేరు పెట్టి మరీ రాశారు, రగడంతా అక్కడే. తెలియని చోటును తెలిసినట్టు రాయడం కంటే, తేలాల్సింది ఇంకా ఉందని ఒప్పుకోవడమే మేలు చేసింది.

రాయి పాతిన ఏడాది

ఒప్పందమైతే కుదిరింది, ఇక స్తంభాలు నిలపాలి. 1895లో సిక్కింలో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసరుగా ఉన్న జాన్ క్లాడ్ వైట్ ఆ పని మీద కొండెక్కాడు. టిబెట్ వాళ్లు కలిసి రాలేదు. ఆయన జెలెప్ లా దగ్గర స్తంభం కట్టించాడు. కొద్ది రోజుల్లోనే దాన్ని పడగొట్టారు. దాని మీది రాతి పలక మాయమైంది. సంతకం తమది కాని ఒప్పందానికి తాము కట్టుబడేది లేదని లాసా ఆ విధంగా చెప్పింది. అప్పటికి అంబాన్ మాట లాసాలో ఎంతవరకు చెల్లుతుందో కూడా దీంతో తెలిసిపోయింది.

1904లో యంగ్‌హస్బెండ్ సైన్యంతో లాసా చేరి, సెప్టెంబరు 7న టిబెట్ చేత ఒప్పందం రాయించుకున్నాడు. అందులో మొట్టమొదటి షరతే 1890 సరిహద్దును గౌరవించి స్తంభాలు నిలపాలని. కలకత్తాలో అడగకుండా వదిలేసిన సంతకం కోసం 14 ఏళ్ల తర్వాత తుపాకులు మోసుకుని అంత దూరం పోవలసి వచ్చిందన్నమాట. అప్పుడు కూడా భూటాన్ ఆ కాగితం మీద లేదు.

2017

2017 జూన్ 16న చైనా సైన్యపు నిర్మాణ బృందం డోక్లాంలో రోడ్డు వేయడానికి దిగింది. దాని దారి జోంపెల్రి గట్టు మీది భూటాన్ సైనిక శిబిరం వైపు. భూటాన్ గస్తీ బృందం ఆపబోయింది, ఆగలేదు. ఒకటి రెండు రోజుల్లోనే డోకా లా దగ్గరున్న మన సైనికులు అడ్డు వెళ్లారు. చైనాతో భూటాన్‌కు దౌత్య సంబంధాలు లేవు కాబట్టి తన నిరసనను ఢిల్లీలోని రాయబార కార్యాలయం ద్వారా పంపింది. 73 రోజులు రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలిచాయి. ఆగస్టు 28న వెనక్కి తగ్గాయి.

మనకు ఇంత పట్టింపు ఎందుకో బెంగాల్‌లో ఉన్నవారికి విడమరచి చెప్పక్కర్లేదు. జోంపెల్రి గట్టు నుంచి దక్షిణంగా చూస్తే సిలిగుడి దారి. ఇరుకైన చోట దాదాపు 22 కిలోమీటర్ల వెడల్పున్న ఆ నేల మీదుగానే ఈశాన్య రాష్ట్రాలకు రైళ్లూ లారీలూ పోవాలి.

ఆ 73 రోజులూ బీజింగ్ ప్రతినిధులు పదే పదే చూపింది 1890 కలకత్తా ఒప్పందాన్నే. అసమాన ఒప్పందాలంటూ వలస కాలపు కాగితాలను తిరస్కరించే అలవాటున్న ప్రభుత్వం, ఈ ఒక్కదాన్ని మాత్రం కళ్లకద్దుకుంది. మనం చూపినవి వేరు. భూటాన్, చైనా 1988లో, 1998లో రాసుకున్న ఒప్పందాల ప్రకారం 1959 మార్చికి ముందున్న స్థితిని మార్చకూడదు. మూడు దేశాలు కలిసే చోట్లను సంబంధిత దేశాలన్నిటినీ సంప్రదించాకే ఖరారు చేయాలని 2012లో భారత్, చైనా ప్రత్యేక ప్రతినిధులు ఒప్పుకున్నారు. నా దృష్టిలో 1890కి అసలైన జవాబు ఈ 2012 మాటే. శిఖరం ఏది, కనుమ ఏది అన్న చర్చను అది తేల్చలేదు. ఎవరెవరు కూర్చుని తేల్చాలో చెప్పింది.

2017లోనే చైనా ఇంకో ఆధారం చూపింది. డోక్లాంలో పశువులు మేపుకున్న భూటాన్ కాపరులు ఒకప్పుడు టిబెట్ వైపు గడ్డి పన్ను కట్టేవారని, ఆ రసీదులు తమ దగ్గర ఉన్నాయని. దీన్ని కొట్టిపారేయకూడదు. అదే సమయంలో ఉన్నదున్నట్టు నెత్తికెత్తుకోనూ కూడదు. లక్ష్మయ్య గారు ఉంటే ఏం చేసేవారో ఊహించండి. రసీదు ఇచ్చినవాణ్ణి ఒక్కణ్ణే అడిగి ఊరుకునేవారు కాదు. కట్టినవాణ్ణీ అడిగేవారు. పన్ను దేనికి కట్టావు, నేలకా, మేపుకా, ఒక వేసవికా? నీ తాత కూడా కట్టాడా? భూటాన్ వైపు హా లోయ కాపరులు, చుంబీ కాపరులు, జెలెప్ లా మీదుగా కలింపోంగ్‌కు ఉన్ని మూటలు దించిన కంచర గాడిదల వాళ్లు: డోక్లాం చుట్టుపక్కల తిరిగిన ఈ మనుషుల మాటలు మూడు వైపుల నుంచీ ఒకచోట చేరాలి. ఒక వైపు దస్తావేజులతో ఒక వైపు వాదనే తయారవుతుంది.

ఒప్పుదల ఆలస్యమైనకొద్దీ వేరే రకం రాళ్లు పడుతున్నాయి. 2020 నవంబరులో ఆమో చు ఒడ్డున, భూటాన్ తనదనే నేలలో, పాంగ్డా అనే కొత్త ఊరు వెలసినట్టు ఉపగ్రహ చిత్రాల్లో అందరం చూశాం. రోడ్డు, ఇళ్లు, కరెంటు స్తంభాలు వచ్చాక హద్దు వాదన కాగితాల మీద జరగదు.

ఇతరచోట్ల

ఇద్దరు కూర్చుని ముగ్గురి చోటు తేల్చడం ఒక్క కలకత్తాలోనే జరగలేదు. 1960 అక్టోబరు 1న బర్మా, చైనా తమ సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని పటంలో పడమటి కొస డిఫు కనుమ దగ్గర పడింది. అసలు కూడలి దానికి ఉత్తరాన ఉందని భారత్ ఆ డిసెంబరులోనే అభ్యంతరం చెప్పింది. అప్పుడు పిలుపు అందని మూడో పక్షం మనం. 2015 మేలో మనమూ చైనా కలిసి లిపులేఖ్ కనుమ గుండా వర్తకం పెంచుకుంటామని ప్రకటించాం. ఈసారి మూడో పక్షం నేపాల్. భారత్, నేపాల్ మధ్య హద్దయిన కాళీ నది ఎక్కడ పుడుతుందన్న ప్రశ్న 1816 సుగౌలీ సంధి నాటి నుంచి సాగుతున్నదే. నేపాల్ పార్లమెంటులో గొడవ జరిగింది, 2020లో ఆ దేశం కొత్త పటం ప్రకటించింది. బర్మా విషయంలో మనకు తగిలిన దెబ్బ లిపులేఖ్‌లో మనం గుర్తు పెట్టుకోలేదు.

ఓపిక ఉన్నచోట ఏమవుతుందో ఉత్తర యూరప్‌లో చూడవచ్చు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ కలిసే చోటు ఒక సరస్సులో ఉంది. 1897లో నార్వే, అప్పట్లో ఫిన్లాండ్‌ను ఏలుతున్న రష్యా అక్కడ రాళ్లు నిలిపాయి. సరిహద్దు సంఘం సంగతి తేలక స్వీడన్ తన రాయి తేలేదు. 1901లో తెచ్చింది. ఆ నాలుగేళ్లూ రెండు రాళ్లే ఉన్నాయి. తొందరపడి మూడోది ఎవరూ తామే పెట్టేయలేదు. 1926లో కట్టిన కాంక్రీటు గుర్తు దగ్గర ఇప్పుడు సందర్శకులు ఫొటోలు దిగుతున్నారు.

ఏం చేయాలి?

ఉపగ్రహాల కొలత అంగుళం తేడా కూడా రానివ్వని ఈ రోజుల్లో ఒక చోటు దొరకకపోవడమేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. బటాంగ్ లా అక్షాంశ రేఖాంశాలు తెలుసు. గ్యేమోచెన్‌వీ తెలుసు. సర్వే గణకుడు రాధానాథ్ సిక్దార్ లెక్కలు కట్టిన ఊరిది, కొలతకు ఇక్కడ ఎన్నడూ కొరత లేదు. ఆ రెండిట్లో దేన్ని కూడలి అనాలో చెప్పే పరికరం మాత్రం ఎవరి దగ్గరా లేదు. అది ముగ్గురి మాటతో తేలాల్సినది.

కాబట్టి నేను కోరేవి మూడు. 1890 నాటి వాక్యాలకు అర్థం చెప్పే పనిని ఏ ఒక్క దేశమూ, ఏ రెండు దేశాలూ తమ మీద వేసుకోకూడదు. రెండు పాయల మీదా మూడు దేశాల సర్వేయర్లు కలిసి నడిచి, వాగుల పారుదలను ఒకే పటం మీదికి ఎక్కించాలి. కాపరుల, వర్తకుల కుటుంబాల దగ్గర మిగిలిన మాటలను, రసీదులను మూడు వైపులా సేకరించాలి. ఆ తరం ఇప్పటికే చాలావరకు వెళ్లిపోయింది, ఈ పని ఇంకో పదేళ్లు ఆగదు.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. 1984 నుంచి చైనాతో విడిగా చర్చలు జరుపుతూ, 2021లో మూడంచెల ప్రణాళిక మీద సంతకం చేసిన భూటాన్ కూడా, డోక్లాం దగ్గరికి వచ్చేసరికి ఇది తానొక్కటే తేల్చేది కాదంది. అక్కడ పెద్ద దేశం చిన్న దేశం అన్న భేదం లేదని, మూడూ సమానమేనని 2023 మార్చిలో ఆ దేశ అప్పటి ప్రధాని లోటే త్షెరింగ్ ఒక బెల్జియం పత్రికకు చెప్పారు. దాన్ని చైనాకు అనుకూలమైన మాటగా కొందరు ఇక్కడ అనుమానంగా చదివారు. నేను అలా చదవను. 1890లో ఈ ఊళ్లో భూటాన్‌ను అడగలేదు. ఇప్పుడు భూటాన్ తానుగా తన కుర్చీ అడుగుతోంది.

ఆ కుర్చీ వేయాల్సిన బాధ్యత చైనాకు ఎంత ఉందో మనకూ అంతే ఉంది. మనకు అనుకూలంగా తేలుతుందన్నా సరే, భూటాన్ సంతకం లేని పరిష్కారాన్ని ఢిల్లీ ఒప్పుకోకూడదు. లిపులేఖ్‌లో నేపాల్ విషయంలోనూ అదే కొలత పాటించాలి. అప్పుడే డోక్లాంలో మన వాదనకు బలం.